బంకులో లేని పెట్రోలు

"అగ్గిపుల్ల గీయకు! అక్కడే ఆగు!"

అత్తగారి కేకకు కోడలి చేతిలోని అగ్గిపెట్టె జారి కింద పడింది. స్టవ్ మీద పాలగిన్నె అలాగే ఉంది.

"ఏమైంది అత్తయ్యా?"

"నీకు వాసన రావడం లేదూ?"

కోడలు గాలి పీల్చి చూసింది. ఈ ఇంట్లో పెట్రోలు వాసన కొత్తేమీ కాదు. మామగారు ఊరి చివరి పెట్రోలు బంకులో మేనేజరు. ఆయన చొక్కాలను ఎంత నానబెట్టి ఉతికినా ఆ వాసన వదలదు. భర్త టాక్సీ నడుపుతాడు. ఆయన చేతుల్లోనూ అదే వాసన. కానీ ఇది చొక్కాల్లోంచి, చేతుల్లోంచి వచ్చే వాసన కాదు. గొంతులోకి దిగి కళ్ళు మండిస్తోంది.

అత్తగారు అప్పటికే కిటికీలు తెరుస్తోంది. తెరుస్తూనే, వాసన ఎటునుంచి వస్తోందో వెతుక్కుంటూ, వంటగదిని ఆనుకుని ఉన్న మెట్ల కిందికి వెళ్ళింది. పాత పరుపులు దాచుకునే చోటది. అడ్డంగా కట్టిన తెర ఒక్క గుంజు గుంజింది.

పరుపుల వెనక పసుపు పచ్చని డబ్బాలు నాలుగు, ఎర్రమూతలతో బారుగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకదాని మూత సరిగ్గా బిగియలేదు. నేల తడిసి నల్లగా మెరుస్తోంది.

స్టవ్‌కీ ఆ తడికీ మధ్య ఉన్నది ఆ గుడ్డ తెరొక్కటే.

కోడలు కింద పడ్డ అగ్గిపెట్టె వైపు చూసింది.

"ఒరే!" అని అరిచింది అత్తగారు. "లేవరా! లేచి రా ఇటు!"

కొడుకు నిద్రకళ్ళతో వచ్చాడు. డబ్బాలు చూశాక ఆ నిద్ర ఎటు పోయిందో.

"ఏమిటివి?"

"నన్నడుగుతావా? నిన్న టైలరు దుకాణం ఎట్లా తగలబడిందో నువ్వూ చూశావు కదరా! బకెట్టు పట్టుకుని నువ్వూ పరిగెత్తావు కదా! అది చూసొచ్చి కూడా ఇంట్లో ఈ పాపిష్టి డబ్బాలు పెట్టుకుంటావా?"

పక్క వీధి టైలరు ఇస్త్రీ బల్ల కింద పెట్రోలు డబ్బా అంటుకుని, నిన్న సాయంత్రం దుకాణం బూడిదైంది. మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. ఛాతీ, చేతులూ కాలాయి. ఇంకా కళ్ళు తెరవలేదు. టైలరు భార్యా అత్తగారూ ఒకరి ఇంట్లో ఉప్పు అయిపోతే ఇంకొకరి ఇంట్లో తెచ్చుకునే మనుషులు. రాత్రంతా ఆమె పక్కనే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, తెల్లవారుతుండగా ఇల్లు చేరింది అత్తగారు.

"అమ్మా, నీకు మతి పోయిందా? నేనెక్కణ్ణుంచి తెస్తాను?" కొడుకు గొంతు పెంచాడు. "బయట నా కారు చూడు. చుక్క లేక రెండ్రోజులుగా దుమ్ము కొట్టుకుంటోంది. రమ్మన్నవాళ్ళకల్లా రాలేను, రాలేను అని చెప్పి చెప్పి నోరు పడిపోయింది. ఇంట్లో నాలుగు డబ్బాలుంటే నేనిలా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటానా?"

"మరి వీటికి కాళ్ళొచ్చి వాటంతటవే నడిచొచ్చాయా?"

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె అడ్డంగా తల ఊపింది.

అప్పుడు ముగ్గురికీ ఒకటే అనిపించింది. ఇంట్లో ఇంత రభస జరుగుతున్నా, ఏమైందని అడగని మనిషి ఒక్కరే ఉన్నారు.

ముగ్గురూ ముందు గదిలోకి వచ్చారు. మామగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. బంకు చొక్కా తొడుక్కున్నారు. ఒక కాలికి బూటు వేసుకున్నారు. రెండోది చేతిలో పట్టుకుని దాని తాళ్ళకేసి చూస్తున్నారు.

"ఏమండీ," అంది అత్తగారు. ఆమె గొంతు సగానికి పడిపోయింది. "మీరు కాదుగా?"

ఆయన తల ఎత్తలేదు.

"నేనే పెట్టాను."

బయట వీధిలో ఎవరో స్కూటరు తోసుకుంటూ పోతున్నారు. చక్రం కిర్రుమంటూ మలుపు దాకా వినిపించింది.

"నువ్వా నాన్నా?" అన్నాడు కొడుకు.

"నీ కారు ఆగిపోకూడదని. మొన్న రాత్రే తెచ్చాను. నీకు చెప్పే మొహం లేకపోయింది."

"నా కారు..." కొడుకు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మొన్న నేను మీ బంకు ముందే కదా నిలబడ్డాను? ఎండలో, ఆ లైన్లో, అందరితో పాటు. నువ్వే కదా బయటికొచ్చి చెయ్యి ఊపుతూ చెప్పావు, స్టాకు లేదు, వెళ్ళిపోండి అని? నా మొహం చూసి చెప్పావు నాన్నా!"

"అందరి ముందూ నీకొక్కడికి ఎలా పోస్తాన్రా?"

"అంటే ఉంది."

మామగారు బూటు కింద పెట్టారు.

"ఉంది కదా? ట్యాంకులో ఉంది. ఉండగానే లేదన్నావు."

"ఓనరు బోర్డు పెట్టమన్నాడు. పెట్టాను. ధర పెరిగాక తెరుద్దామన్నాడు. ఉద్యోగం ఆయనిచ్చింది. నేనేం చెయ్యను?" ఆయన గొంతులో కోపం లేదు, వాదన లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. "లేదు, లేదు అని మనుషుల మొహాన చెప్పడం నాకు మాత్రం బావుందనుకున్నావా? ముసలివాళ్ళూ, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళూ వచ్చారు. పోనీ, తెలిసినవాళ్ళకైనా కాస్త సాయం చేద్దామని..."

ఆ మాట దగ్గర ఆగిపోయారు. కానీ అత్తగారు ఆ మాట పట్టుకుంది.

"తెలిసినవాళ్ళు అంటే ఎవరు?"

మామగారు కింద పెట్టిన బూటును కాలితో పక్కకు జరిపారు.

"నేను నిన్న టైలరు దుకాణంలోకి వెళ్ళాను," అంది అత్తగారు నెమ్మదిగా. "మంటలార్పాక, వాళ్ళావిడ కళ్ళజోడు దొరుకుతుందేమోనని లోపలికి వెళ్ళాను. ఇస్త్రీ బల్ల కింద కరిగి ముద్దైపోయిన డబ్బా ఒకటి ఉంది. పసుపు రంగుది. మూత మాత్రం కాలలేదు. ఎర్రమూత."

కోడలు వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. అక్కడి నాలుగు మూతలూ ఎర్రవే.

"చెప్పండి. అది మీరిచ్చిందేనా?"

"మూత గట్టిగా బిగించే ఇచ్చాను," అన్నారు మామగారు. "నిప్పుకు దూరంగా పెట్టమని చెప్పి మరీ ఇచ్చాను."

అత్తగారు గోడకు చేరగిలబడి, అలాగే జారి నేల మీద కూర్చుంది. ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని భర్త కేసి చూస్తూ ఉండిపోయింది, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు.

ఊళ్ళో ఆయనకు మంచి పేరుంది. ఒక చుక్క తక్కువ పోయని మనిషని చెప్పుకుంటారు. బంకు కుర్రాడు మీటరు సున్నా చేయకుండా పోస్తే, పోయించుకున్నవాడికి ఆ కుర్రాడి చేతే దండం పెట్టించిన మనిషి.

"అసలు ధర పెరుగుతుందని మీకెవరు చెప్పారు?" అంది అత్తగారు కొంగు తీసి. "రేడియోలో మన కోడలు రోజూ మొత్తుకుంటూనే ఉంది కదా. భయం లేదు, నిల్వలున్నాయి, దాచుకోకండి అని!"

మామగారు అప్పుడు తలెత్తారు. భార్య వైపు చూడలేదు. కోడలి వైపు చూశారు.

ఆ చూపుతో ఆయన చెప్పకముందే కోడలికి తెలిసిపోయింది.

ఆమె రేడియోలో ధరల కార్యక్రమం చేస్తుంది. ఊరు ఆమెకు ధరలమ్మాయి అని పేరు పెట్టింది. సోమవారం పొద్దున టీ తాగుతూ, ఈ గదిలోనే, మామగారు అడిగారు: "ఏమ్మా, పెరుగుతుందంటావా?" ఆమె తేలిగ్గా చెప్పేసింది. ఓడలు దగ్గరి దారిలో యుద్ధం ఉందని చుట్టూ తిరిగి వస్తున్నాయి, పెద్ద శుద్ధి కర్మాగారం ఒకటి మరమ్మతుకు ఆగింది, మన డబ్బు విలువ కూడా పడింది, ఈ మూడూ కలిస్తే పెరక్క ఛస్తుందా మామయ్యగారూ, వారం తిరిగేలోపు గట్టిగానే పెరుగుతుంది. పై అధికారుల నుంచి కబురు వచ్చేదాకా మైకులో అనకూడదు గానీ, ఇంట్లో చెబుతున్నాను.

అని, టీ కప్పు కడిగి పెట్టి, స్టేషనుకు వెళ్ళి, మైకు ముందు కూర్చుని, భయపడాల్సింది ఏమీ లేదని చెప్పింది.

రెండూ నిజమే. ఊళ్ళో నిల్వలున్నాయి. ధర పెరిగేట్టూ ఉంది. ఒక నిజం ఊరికి చెప్పింది, ఒకటి ఇంట్లో చెప్పింది. అంతే.

"ఓనరు ఫోను చేసి, మీ కోడలేమంటోంది అని అడిగాడు," అన్నారు మామగారు. "చెప్పాను."

"మామయ్యగారూ, నేను..."

"నిన్ననడం లేదమ్మా. నువ్వు రేడియోలో చెప్పేది ఊరికోసమనీ, ఇంట్లో చెప్పేది నిజమనీ అనుకున్నాను."

ఆయన మామూలుగానే అన్నారు. దెప్పి పొడిచి ఉంటే ఆమె తట్టుకునేది.

"పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ ఊరికే అనలేదు," అంది అత్తగారు నేల చూస్తూ.

కొడుకు ఒక్కసారిగా కదిలాడు. "సరే. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు ఏడిస్తే ఏమొస్తుంది? ఈ నాలుగూ నేను కార్లో పోసేస్తాను. డబ్బాలు కోసి పారేస్తాను. ఇంట్లో పెట్రోలు లేదు, ఎప్పుడూ లేదు. ఎవరూ నోరెత్తకండి."

"టైలరో?" అంది అత్తగారు.

"ఆయన కళ్ళు తెరవలేదు కదమ్మా ఇంకా."

ఆ మాట అన్నాక అతనికే తను ఏమన్నాడో తెలిసింది. నోరు మూసుకున్నాడు. అత్తగారు అతని వైపు ఎంత చూసిందంటే, అతను గుమ్మం దాటి బయటికి వెళ్ళి కారుకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది.

"నేను ఆవిడకి కాఫీ తీసుకెళ్తానని చెప్పి వచ్చాను," అంది అత్తగారు. "ఏ మొహం పెట్టుకుని పోను? రాత్రంతా నా భుజమ్మీద తల పెట్టుకుని, ఆ డబ్బా ఎక్కణ్ణుంచి వచ్చిందో వదినా, ఎక్కణ్ణుంచి వచ్చిందో అని ఒకటే కలవరింత. ఇచ్చిన చేతులు మన ఇంట్లోనే ఉన్నాయని చెప్పనా?"

"నేనొచ్చి చెప్తాను," అన్నారు మామగారు.

అని, రెండో బూటు తీసుకున్నారు. కాలికి తొడగలేదు. చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

కోడలు గోడ గడియారం చూసింది. కార్యక్రమానికి వేళవుతోంది. ఈ పూట సెలవు పెట్టేయొచ్చు. గొంతు బాగోలేదని ఫోను చేస్తే చాలు. నిజానికి గొంతు బాగోలేదు కూడా. కానీ ఈ గదిలో ఇంకొక్క నిమిషం నిలబడలేననిపించింది. చెప్పులు వేసుకుంది.

వాకిట్లో భర్త చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ సంగతి మైకులో ఎత్తవు కదా?"

"ఎందుకెత్తుతాను?" అంది.

"నీ మొహం చూస్తే భయమేస్తోంది."

"నా మొహం చూస్తే నాకూ భయమేస్తోందండీ," అని చెయ్యి విడిపించుకుంది.

*

బస్సులు లేవు. నడవాలి.

వీధి మొదట్లోంచే వాహనాల బారు మొదలైంది. మనుషులు బండ్లు స్టాండు వేసి, వాటి నీడలోనే కూర్చున్నారు. ఎవరో దుప్పటి పరుచుకుని పడుకున్నారు. అందరి బండ్లూ మామగారి బంకు ఉన్న దిక్కుకే మూతి పెట్టుకుని ఉన్నాయి. స్టాకు లేదన్న బోర్డు చూసి కూడా ఎవరూ కదల్లేదు. ఎప్పుడు తెరిస్తే అప్పుడు ముందుండాలని.

"ధరలమ్మాయ్ వస్తోంది!" అన్నారెవరో.

క్షణంలో పదిమంది లేచారు.

"ఏమ్మా, పెరుగుతుందా?"

"ఎంత పెరుగుతుందో ముందే చెబితే పుణ్యముంటుంది!"

"ఇంట్లో వాళ్ళకైతే చెప్పే ఉంటావులే!" అన్నాడొకడు నవ్వుతూ. అందరూ నవ్వారు. ఊరికే హాస్యానికన్న మాట. ఆమెకు మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఏం జవాబిచ్చిందో, ఎలా ఆ గుంపు దాటిందో ఆమెకే తెలీదు.

టైలరు దుకాణం ముందునుంచి పోకుండా చుట్టుదారి పట్టింది. అయినా కాలిన గుడ్డల వాసన చుట్టుదారిలోకి కూడా వచ్చింది.

రేడియో స్టేషనులో ఇంజినీరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. రోజూ అరటిపండు తింటూ, చిన్నగా ఈలపాట పాడుకునే పెద్దమనిషి. ఈరోజు మొహం వెలిగిపోతోంది. చేతిలో కాగితం.

"తీపి కబురమ్మా! ఇప్పుడే వచ్చింది. చదివేద్దాం!"

ఆమె కాగితం అందుకుంది.

పెట్రోలు మీద పన్ను తగ్గించారు. మరమ్మతుకు ఆగిన కర్మాగారం అనుకున్నదానికంటే ముందే పని మొదలుపెట్టింది. రేపు పొద్దుటి నుంచి లీటరు ధర తగ్గుతుంది.

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదివింది.

పెరగదు. తగ్గుతుంది.

"కూర్చోమ్మా. ఏమిటలా పాలిపోయావు? పొద్దున్నే ఏమైనా తిన్నావా?"

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. పెరక్క ఛస్తుందా మామయ్యగారూ అని తన గొంతే వినిపించింది, ఎంత ధీమాగా అందో కూడా. ఓడలు లెక్కేసింది, కర్మాగారం లెక్కేసింది, డబ్బు విలువ లెక్కేసింది. పన్ను తగ్గిస్తారన్నది ఒక్కటి ఆమె లెక్కలో లేదు. ఆ ఒక్కదానితో లెక్క అంతా తిరగబడింది. బోర్డు పెట్టిందీ, డబ్బాలు నింపిందీ, దుకాణం కాలిందీ, రాని పెంపు కోసం.

"సిద్ధమేనా?" అన్నాడు ఇంజినీరు అద్దం అవతలి నుంచి.

ఎర్రదీపం వెలిగింది.

నోరు దానంతటదే తెరుచుకుంది. ఎన్నేళ్ళ అలవాటో అది. కాగితం చదివింది. ఎప్పటిలాగే విడమరిచి చెప్పింది. మనం లీటరుకు ఇచ్చేదంతా పెట్రోలు వెల కాదనీ, అందులో ముడిచమురు ధరొక పాలు, దాన్ని శుద్ధి చేసి ఓడల్లో, లారీల్లో తెచ్చినందుకు ఒక పాలు, అమ్మేవాడిది ఒక చిన్న పాలు, మిగతాదంతా పన్నేననీ చెప్పింది. పెరిగేటప్పుడు లేడిలా దూకే ధర, దిగేటప్పుడు తాబేలులా దిగుతుందని, ఈసారి పన్ను తగ్గబట్టి వెంటనే దిగుతోందని చెప్పింది.

అద్దం అవతల ఇంజినీరు బొటనవేలు ఎత్తి చూపించాడు.

"ధరను పెంచేది ఇంకొకటి కూడా ఉంది," అంది ఆమె. ఈ మాట కాగితంలో లేదు. "భయం. పెరుగుతుందని ఒకరంటే పదిమంది దాచుకుంటారు. పదిమంది దాచుకుంటే వందమందికి దొరకదు. దొరకనప్పుడు..."

మాట ఆపి నీళ్ళు తాగింది.

ఇంజినీరు ఫోను లైను కలిపాడు. శ్రోతలు ప్రశ్నలడిగే సమయమది.

"హలో, చెప్పండి," అంది.

"అమ్మాయ్, నేనే."

ఒక్క మాటతో ఆ గొంతు గుర్తుపట్టింది. చిన్న పిలుపుకే ఎగసిపడే ఆ గొంతు ఇప్పుడు ఎండిపోయి ఉంది. టైలరు భార్య.

"పిన్నీ! ఎలా ఉంది బాబాయికి?"

"కళ్ళు తెరిచాడమ్మా."

కోడలు రెండు చేతులూ జోడించింది. అద్దం అవతల ఇంజినీరు కూడా చేతులు జోడించాడు. నిన్నటి ప్రమాదం సంగతి ఊరంతా తెలుసు.

"కళ్ళు తెరవగానే పోలీసాయన వచ్చాడు. ఆ డబ్బా ఎక్కడిదయ్యా అని అడిగాడు. ఈయన నోరు కూడా సరిగా తిరగని గొంతుతో, రోడ్డు మీద దొరికింది అన్నాడు." ఆమె ఆగింది. వెనకాల ఆసుపత్రి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. "ఆయనకి అబద్ధమాడటం రాదమ్మాయ్. చొక్కా రేపు ఇస్తానని చెప్పి ఇవ్వలేకపోతే, ఆ సాకు నాతో చెప్పించేవాడు. అట్లాంటివాడు అబద్ధమాడాడు. ఎవరినో కాపాడుతున్నాడు."

కోడలు చేతిలోని కాగితం మడిచింది.

"నువ్వు ధరల సంగతంతా విడమరిచి చెబుతావు కదా. చమురు ఎక్కణ్ణుంచి వస్తుందో, పన్ను ఎంతో, అన్నీ నీకు తెలుసు. ఇదొక్కటి చెప్పు. ఏ బంకులోనూ లేని పెట్రోలు మా ఇంట్లోకి ఎలా వచ్చింది?"

అద్దం అవతల ఇంజినీరు మొహంలో నవ్వు పోయింది. లైను తెంపెయ్యమంటావా అని వేళ్ళతో కత్తెర ఆడించి అడిగాడు.

తెంపితే సరిపోతుంది. ఒక పాట వేస్తే సరిపోతుంది. అత్తగారు ఇంట్లో రేడియో పెట్టే ఉంటుంది. మామగారు ఆ కుర్చీలోనే కూర్చుని వింటూ ఉంటారు. భర్త కారులో వింటూ ఉంటాడు. బంకు దారిలో బారులు తీరి కూర్చున్న వాళ్ళందరూ వింటూ ఉంటారు.

ఊరికి ఒకటీ ఇంటికి ఒకటీ చెప్పడం ఎంత తేలిక!

"మా ఇంటి నుంచి వచ్చింది పిన్నీ," అంది.

ఎర్రదీపం ఆరిపోయింది. ఇంజినీరు వేసిన పాట ఏదో గోడల్లోంచి సన్నగా వినిపించింది. అతను అద్దం తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఏమిటమ్మా ఈ పని? మతుండే అన్నావా?"

"వెళ్ళిందా ఆ మాట?"

"వెళ్ళింది. నా చెయ్యి లేచేసరికి ఆలస్యమైంది. వెళ్ళిపోయింది ఊరంతా."

ఫోను మాత్రం ఇంకా కలిసే ఉంది, ఇప్పుడది ఊరికి వినిపించదు. చెవికి పెట్టుకుంది. అవతల ఏడుపు వినిపిస్తుందనుకుంది. శాపనార్థాలు వినిపిస్తాయనుకుంది. రెండూ లేవు.

"పిన్నీ... మామయ్యగారు సాయం చేద్దామనే... మీకు కీడు తలపెట్టి కాదు..."

"నాకు తెలుసు."

"ఏమిటి?"

"మీ మామయ్య ఇచ్చాడని నాకు తెలుసమ్మాయ్. డబ్బా అందుకున్నది నేనే."

ఆమెకు ఆ మాటలు వినిపించాయి కానీ అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

"ఆయన అప్పుడు ఇంట్లో లేడు. స్కూటరు మీద బట్టలివ్వడానికి వెళ్ళాడు. మీ మామయ్య గుమ్మంలో నిలబడే చెప్పాడు, నిప్పుకు దూరంగా పెట్టమ్మా అని. సరేనన్నాను. వరండాలో పెడదామనుకున్నాను. ఈ కరువులో పెట్రోలు డబ్బా కనపడితే ఎవరు ఊరుకుంటారు, ఎత్తుకుపోతారనుకున్నాను. దుకాణంలోకి తెచ్చి బల్ల కింద పెట్టాను. ఆయనకి చెప్పడం మరిచిపోయాను. ఆ బల్ల మీదే ఆయన బొగ్గుల ఇస్త్రీ పెట్టె పెడతాడు."

"పిన్నీ..."

"రాత్రంతా మీ అత్తయ్యని అడుగుతూనే ఉన్నాను, ఎక్కణ్ణుంచి వచ్చిందో అని. తెలిసే అడిగాను. ఎవరో ఒకరు చెబితే, తప్పు ఆ ఇంటిది అయిపోతే, నాది కాకుండా పోతుందేమోనని. ఇప్పుడు నిన్నడిగిందీ అందుకే." ఆమె ఊపిరి తీసుకుంది. "నువ్వు చెప్పేస్తావనుకోలేదు. చెప్పేశావు. నాది మాత్రం పోలేదమ్మా. ఇక్కడే ఉంది."

ఇంజినీరు నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. కోడలు దాన్ని చూడను కూడా లేదు.

"ఆయన కాపాడుతున్నది మీ మామయ్యని కాదు," అంది టైలరు భార్య. "కళ్ళు తెరిచి, నా మొహం చూసి, అంతా తెలుసుకున్నాడు. తెలుసుకునే రోడ్డు మీద దొరికిందన్నాడు. కాపాడుతున్నది నన్ను."

గోడల్లోంచి వచ్చే పాట చివరి చరణానికి వచ్చింది. ఇంజినీరు తన బల్ల దగ్గరికి పరిగెత్తాడు. ఏం చెయ్యమంటావు, ఇంకో పాట వెయ్యనా అని అద్దం అవతలి నుంచి సైగ చేశాడు.

"సాయంత్రం పోలీసాయన మళ్ళీ వస్తాడు," అంది టైలరు భార్య. "ఇప్పుడు మీ ఇంటికీ వస్తాడు. మీ మామయ్య మంచివాడు, నా పేరు చెప్పడు. అంతా తన నెత్తినే వేసుకుంటాడు. అట్లా జరగనివ్వనా?"

"మీరేం చేస్తారో నేనెలా చెప్పను పిన్నీ? నా నోటి మాట వల్ల జరిగిందే ఇదంతా. ఇంకో మాట చెప్పడానికి నోరు రావడం లేదు."

అవతల ఎవరో నర్సు ఎవరినో పిలిచింది. చక్రాల బండి ఒకటి కటకటలాడుతూ పోయింది.

పాట అయిపోయింది. ఇంజినీరు చెయ్యి మీట మీద ఉంది. ఇటు చూస్తున్నాడు. ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు.

ఎర్రదీపం వెలిగింది.

"అమ్మాయ్," అంది టైలరు భార్య, ఊరంతా వింటుండగా. "మళ్ళీ మొదలైందా? ఊరు వింటోందా?"